సంక్రాంతికి గుడిసె సెట్టింగ్ ఎందుకమ్మా, పిండివంటలు పెట్టుకోండి

ప్రశ్న: మేడమ్, మాది నిజాంపేట. మా పుట్టిల్లు తణుకు దగ్గర, అత్తగారిది జగిత్యాల వైపు. పోయిన డిసెంబరులో చుట్టాలకీ స్నేహితులకీ కలిపి మంచు థీమ్‌తో పార్టీ ఇచ్చాం. అందరూ తెలుపు, నీలం బట్టల్లో రావాలని చెప్పాం. డెకరేషన్‌కే 22 వేలు అయింది. వచ్చినవాళ్లు ఫొటోలు దిగారు, తిన్నారు, తొమ్మిదిన్నరకల్లా వెళ్లిపోయారు. అత్తయ్య బెడ్‌రూమ్‌లోంచి బయటికే రాలేదు. ఈసారి సంక్రాంతికి పల్లెటూరు థీమ్ పెట్టాలని ఉంది. ఈవెంట్ ప్లానర్ గుడిసె, బావి, ఎడ్లబండి సెట్టింగులు, హరిదాసు, గంగిరెద్దు అన్నీ కలిపి 85 వేలు చెప్పాడు. 5 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాం కానీ మా బడ్జెట్ 30 వేలే. దాదాపు 40 మంది వస్తారు, అందులో 11 మంది పిల్లలు. ఆఫీసులో ఒక బెంగాలీ జంట, పక్క ఫ్లాట్‌లో ముస్లిం కుటుంబం కూడా ఉన్నారు. వంటల దగ్గర మా అమ్మకీ అత్తయ్యకీ పడదు. రెండేళ్ల కిందట బాబాయి పోయినప్పటి నుంచి మా పిన్ని ఏ పేరంటానికీ రావడం లేదు, తనని ఎలా పిలవాలో తెలియడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ 85 వేల మాట మర్చిపోండి. డబ్బు ఎక్కువని మాత్రమే కాదు. పోయినేడు మీ పార్టీలో ఏం తక్కువైందో మీ ఉత్తరంలోనే ఉంది. వచ్చినవాళ్లకి చేయడానికి ఏ పనీ లేదు. ఫొటో దిగడానికి పది నిమిషాలు, తినడానికి అరగంట, ఆ తర్వాత ఫోన్లు చూసుకోవడమే. అత్తయ్యగారికైతే ఫొటో పని కూడా లేదు. ఇప్పుడు మంచు బదులు థర్మకోల్ బావి పెడితే ఫొటోలో వెనకున్నది మారుతుంది, అంతే. తొమ్మిదిన్నరకి మళ్లీ హాలు ఖాళీ అవుతుంది.

నిజమైన పల్లెటూళ్లో సంక్రాంతికి గుడిసెనీ బావినీ ఎవరూ చూడరు. పండక్కి వారం పది రోజుల ముందు నుంచి ఒకరింట్లో ఒకరు చేరి పిండివంటలు చేసుకుంటారు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. ఒకావిడ పాకం చూస్తుంది, ఇద్దరు అరిసెలు తడతారు, ఒకరు కాలుస్తారు, ఒకరు నొక్కుతారు. మాటలు, వెక్కిరింతలు, ఊళ్లో కబుర్లు అన్నీ అక్కడే. మీరు పార్టీ అని దేన్నైతే వెతుకుతున్నారో అది ఇదే. కాబట్టి మీ థీమ్ పిండివంటల రోజు. మీ అమ్మగారి వైపు నుంచి అరిసెలు, అత్తయ్యగారి వైపు నుంచి సకినాలు. ఈ రెండే. జంతికలు, బూందీ, కజ్జికాయలు అని పెంచుకుంటూ పోకండి.

తేదీ విషయానికొద్దాం. మీరు సంక్రాంతి నాడే అనుకుంటున్నట్టున్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ, హైదరాబాద్‌లో భోగి ముందు రోజుకే సగం అపార్ట్‌మెంట్లకి తాళాలు పడతాయి. విజయవాడ హైవే మీద టోల్ గేట్ల దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. మీ చుట్టాల్లో సగం మంది ఆ బారులోనే ఉంటారు. జనవరి మొదటి ఆదివారం పెట్టుకోండి. కొత్త సంవత్సరానికి ఊళ్లు తిరిగినవాళ్లు వచ్చేసి ఉంటారు, పండక్కి వెళ్లేవాళ్లు ఇంకా బయల్దేరి ఉండరు. పైగా ఆ రోజు చేసిన అరిసెలు పండగ దాకా చక్కగా నిలవుంటాయి. ఎవరి డబ్బా వాళ్లు ఊరికి పట్టుకెళ్లొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పండగని ముందుకి జరపకండి, పండగ పనిని మాత్రమే ముందు పెట్టుకోండి. భోగిపళ్లు భోగి సాయంత్రమే పోయాలి. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లవాళ్లు దాని రోజున దాన్ని పెట్టుకుంటారు. అందరూ కలిసి ఉన్నారు కదా అని ఆదివారమే పిల్లల నెత్తిన రేగుపళ్లు పోసేస్తే పెద్దవాళ్లు మీ ముందు ఏమీ అనరు గానీ, వెళ్తూ వెళ్తూ కార్లో అంటారు. పిండివంటలకి ఆ పేచీ లేదు. ముగ్గుకీ లేదు, ధనుర్మాసం మొత్తం ముగ్గులే కదా.

ఆ నెల ధనుర్మాసమే కాబట్టి భోజనంలో మాంసం వద్దు. పెద్దవాళ్లలో చాలామంది భోగి దాకా తినరు. మీ మగవాళ్లలో ఎవరైనా నాటుకోడి అని గొణిగితే కనుమ దాకా ఆగమనండి. పులిహోర, గుమ్మడికాయ ముక్కల పులుసు, చిక్కుడుకాయ టమాటా కూర, పప్పు, అన్నం, పెరుగు. అత్తయ్యగారి వైపు అలవాటుంటే నువ్వులద్దిన సజ్జరొట్టె కూడా. ఇవన్నీ ఇంట్లో వండకండి. ఆ రోజు మీ వంటింటికి వేరే పనుంది. కర్రీ పాయింట్‌కో, మీకు తెలిసిన వంటావిడకో చెప్పేయండి. పెద్దవాళ్లూ పిల్లలూ కలిపి 40 మందికి నాలుగు, నాలుగున్నర కిలోల బియ్యం చాలు, అందులో రెండు కిలోలు పులిహోరకి. పొద్దుట్నుంచీ వేడివేడి సకినాలు నోట్లో వేసుకుంటూనే ఉంటారు కాబట్టి ఎవరూ పెద్దగా తినరు. పెరుగు మాత్రం ఆరు లీటర్లు తెప్పించండి. నూనె వంటల మధ్య తిరిగినవాళ్లు అన్నం కంటే పెరుగే అడుగుతారు.

ఇప్పుడు అసలు సంగతి, అమ్మా అత్తయ్యా. ఇద్దర్నీ ఒక పొయ్యి దగ్గర పెట్టి కలిసిపోతారని ఆశపడకండి. రెండు పొయ్యిలు, రెండు చాపలు, మధ్యలో పది అడుగుల దూరం. సకినాల వైపు అత్తయ్యగారి రాజ్యం, అరిసెల వైపు అమ్మగారిది. ఒకరి పొయ్యి దగ్గర ఇంకొకరు ఉప్పు చూడ్డానిక్కూడా వెళ్లకూడదు. ఈ మాట సరదాగా ముందే చెప్పి ఉంచండి, మీ ఆయన చేత చెప్పిస్తే ఇంకా మంచిది. మీ అమ్మగారు అరిసెల్లో బిజీగా ఉంటారు కాబట్టి సకినాలు గట్టిగా ఉన్నాయనే తీరిక దొరకదు. మధ్యాహ్నానికి వీళ్ల చుట్టాలు వాళ్ల చాప మీదికి, వాళ్లు వీళ్ల చాప మీదికి ఎలాగూ మారతారు. గోదావరి వైపు వాళ్లకి సకినం చుట్టడం మొదటిసారి రాదు. చూసినంత తేలిక కాదది.

సకినాల పిండి కొత్త బియ్యానిది కావాలి, తడిపిండి కావాలి. మూడు కిలోల బియ్యం కడిగి శనివారం పొద్దున నానబోయండి. సాయంత్రం వడకట్టి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, చేతికి తడి తగులుతుండగానే పిండి మరకి పట్టుకెళ్లండి. పండగ ముందు గిర్నీలన్నీ రద్దీగా ఉంటాయి. తడిబియ్యం ఏ టైములో పడతారో ముందు రోజే అడిగి పెట్టుకోండి, కొంతమంది పొడి పిండ్లన్నీ అయ్యాక గానీ పట్టరు. తెచ్చిన పిండిని జల్లించి, గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరిపోయిందంటే సకినం చుడుతుంటేనే తెగిపోతుంది. కిలోకి 150 గ్రాముల దాకా నువ్వులు, రెండు మూడు చెంచాల ఓమ, తగినంత ఉప్పు. నీళ్లు మాత్రం అత్తయ్యగారే పోయాలి. ఆ కొలత ఆవిడ చేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఉతికిన తెల్లటి నూలు ధోవతి పరిచి దాని మీద చుట్టాలి. వేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ, ఆ మెలికని వదులుతూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు. బొటనవేలూ చూపుడువేలూ ఆడుతుంటే చేయి మొత్తం తిరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లది చుట్టు రెండోసారికే కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లిపోతుంది. పోనీయండి, అవే ముందు అయిపోతాయి. చుట్టినవి గుడ్డ మీదే కాసేపు ఉండాలి, తడి గుడ్డకి పడుతుంది. తడిమీదే నూనెలో వేస్తే పేలుతాయి. ఈ ఆరే టైములోనే అందరూ టీ తాగొచ్చు. కాల్చేటప్పుడు ఎర్రబడనీయకూడదు. తెల్లగా, కరకరలాడుతూ రావాలి. అత్తయ్యగారు ఎర్రగా వచ్చిన సకినాన్ని చుట్టాల డబ్బాలో వేయనివ్వరు, చూడండి కావాలంటే.

అరిసెల బియ్యం ఇంకా ముందు, శుక్రవారం పొద్దున నానబోయాలి. ఒక రోజు పైగా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. శనివారం సాయంత్రం సకినాల బియ్యంతోపాటే దీన్నీ మరపట్టించేయొచ్చు. రెండూ కలవకుండా వేర్వేరు క్యారియర్లలో తీసుకెళ్లండి. ఇక పాకం. బెల్లం పాకం పళ్లెంలో నీళ్లలో వేస్తే చేతికి మెత్తటి ఉండగా రావాలి. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే మర్నాడు పళ్లు కదులుతాయి. 40 మంది చూస్తుండగా పాకం పట్టడం ఎవరికైనా టెన్షనే. అందుకని పాకం శనివారం రాత్రే పట్టి, పిండి కలిపి, చలిమిడి చేసి పైన నెయ్యి రాసి మూతపెట్టేయండి. పొద్దుటికి ఏమీ కాదు. ఆదివారం తట్టడం, కాల్చడం, నొక్కడమే.

మీ పిన్నిగారి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఆవిణ్ని ఆదివారం పార్టీకి పిలవకండి. శనివారం సాయంత్రం పాకం పట్టడానికి రమ్మనండి. "పిన్నీ, మూడు కిలోల పాకం, అమ్మ ఒక్కతే చూసుకోలేదు, రాత్రికి ఇక్కడే పడుకో" అనండి. పేరంటం అనే మాట ఆహ్వానంలో రానీయకండి. ఆవిడ రానిది మీ ఇంటికి కాదు, బొట్టు పళ్లెం తన దగ్గర ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్లే ఆ ఒక్క క్షణానికి. పనికి పిలిస్తే ఆ క్షణమే ఉండదు. రాత్రి ఉండిపోయిన మనిషి పొద్దున్నే ఎక్కడికి పోతుంది, చాప మీద కూర్చుని అరిసెలు తడుతుంది. చివర్లో పసుపు కుంకుమలూ తాంబూలమూ ఇవ్వాలని మీ అమ్మగారంటే, ఇవ్వాల్సిన నాలుగు ఇళ్లవాళ్లకీ తర్వాత విడిగా ఇచ్చుకోవచ్చు. అందరి ముందూ ఇచ్చేది మాత్రం అందరికీ ఒకటే, డబ్బా నిండా పిండివంట.

ఆహ్వానం వాట్సాప్‌లో ఇలా పెడితే చాలు: "ఆదివారం మా అపార్ట్‌మెంట్ మేడ మీద పిండివంటలు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా రావాలి. నూలు బట్టలు వేసుకోండి, పట్టుచీరలు వద్దు. ఒక్కో ఇంటికీ ఒక స్టీలు డబ్బా తెచ్చుకోండి. చేసినవాళ్లకే డబ్బా నిండుతుంది. మధ్యాహ్నం భోజనం ఇక్కడే." ఇందులోనే మీ డ్రెస్ కోడూ ఉంది, రిటర్న్ గిఫ్టూ ఉంది. పోయినసారి ఎంతమంది నీలం చీర కోసం కొత్తగా కొనుక్కున్నారో ఒకసారి అడిగి చూడండి. థీమ్ పేరుతో వచ్చేవాళ్ల చేత ఖర్చు పెట్టించడం నాకెప్పుడూ నచ్చదు.

మేడ మీద పొయ్యి కాబట్టి ముందు అసోసియేషన్‌కి ఒక మాట చెప్పండి. బాల్కనీలో మాత్రం వద్దే వద్దు. పెద్ద పొయ్యిలు రెండు, మూకుళ్లు రెండు, రేకుల అడ్డు టెంట్ హౌస్ వాళ్లే ఇస్తారు. మేడ మీద గాలికి మంట నిలవదు, రేకు లేకపోతే గ్యాసూ టైమూ రెండూ పోతాయి. నూనె దగ్గర ఇద్దరు మగవాళ్లని పెట్టండి. ఊళ్లో పెళ్లిళ్లకి అండాల దగ్గర నిలబడేది వాళ్లే కదా, ఇక్కడ మాత్రం కుర్చీలేసుకుని రాజకీయాలు మాట్లాడితే ఎలా? సింథటిక్ షర్టులు, జారే పైటలు పొయ్యి దగ్గరికి రాకూడదు. ఒక బకెట్ ఇసుక, మూకుడు మీద సరిపోయే మూత పక్కనే ఉంచండి. నూనె అంటుకుంటే మూత వేసి గ్యాస్ కట్టేయాలి, ఎవరూ నీళ్లు పోయకూడదు. పొయ్యిల చుట్టూ ముగ్గుపిండితో పెద్ద గీత గీసి, పిల్లలెవరూ ఈ గీత దాటకూడదని చెప్పండి. వాళ్లకి ఆ గీత భలే నచ్చుతుంది, ఒకరి మీద ఒకరు కాపలా కాస్తారు.

పిల్లల్ని మరి పదకొండు మందినీ ఏం చేయాలి? భోగి పిడకల దండలు గుచ్చమనండి. బొక్క పెట్టి ఎండబెట్టిన చిన్న పిడకలు పండగ ముందు రైతు బజార్ల దగ్గర దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నారు. ఇంట్లో చేయడానికి కూర్చోకండి, ఈ చలిలో ఎండడానికి చాలా రోజులు పడుతుంది. పురికొస తాడు, పిడకలు, మధ్య మధ్య బంతిపువ్వులు. మొదట పేడ అని ముక్కు మూసుకుంటారు, పావుగంటకి ఎవరి దండ పొడుగో కొలుచుకుంటుంటారు. ఆ దండ ఊరికి తీసుకెళ్లి భోగి మంటలో తన చేత్తో వేయాలని చెప్పండి. హైదరాబాద్‌లోనే ఉండిపోయే పిల్లలకి మీ అపార్ట్‌మెంట్ భోగి మంట ఉంటుంది కదా. మూడేళ్ల లోపువాళ్లకి మాత్రం రేగుపళ్లు చేతికివ్వకండి, గింజ గొంతుకి అడ్డం పడుతుంది.

కొంచెం పెద్ద పిల్లలు గాలిపటాలు అంటారు. పొయ్యిలున్న మేడ మీద కాదు, కింద ఖాళీ స్థలం ఉంటే అక్కడ. నూలు దారమే కొనండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా ఏటా జనవరిలో బైక్ మీద వెళ్లేవాళ్ల మెడలు తెగుతున్నాయి. దుకాణంలో చైనా మాంజా అని గుట్టుగా ఇస్తారు, తీసుకోవద్దని మీ ఆయనకి చెప్పి పంపండి.

ముగ్గుల పోటీ పెట్టాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పోటీ వద్దు. మూడో బహుమతి వచ్చిన వదినగారి ముఖం చూసుకుంటూ మీరు మధ్యాహ్నమంతా గడపాలి. అందరూ కలిసి ఒకే ముగ్గు వేయండి. సందు చుక్క, 15 నుంచి 8 వరకు. ఒకరు చుక్కలు, ఇద్దరు గీతలు, పిల్లలు రంగులు. మేడ మెట్ల దగ్గర వేస్తే వచ్చే ప్రతివాళ్లూ కాసేపు ఆగి ఏదో ఒక సలహా ఇచ్చి వెళ్తారు. మీ పార్టీకి డెకరేషన్ అదే. దానికి తోడు గుమ్మానికి మామిడి తోరణం, నాలుగు చెరకు గడలు, బంతిపూలు. పూలు శనివారం తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి తెచ్చుకుంటే కాలనీ బండి మీద కంటే చాలా చవక. థర్మకోల్ ఎడ్లబండికి అద్దె కట్టే బదులు లేపాక్షి ఎంపోరియంలో కొండపల్లి ఎడ్లబండి బొమ్మ ఒకటి కొనుక్కోండి. తెల్లపొణికి కర్రది, తేలిగ్గా ఉంటుంది. ఏటా పండక్కి బల్ల మీద పెట్టుకోవచ్చు.

బెంగాలీ స్నేహితులకి వాళ్ల పౌష్ సంక్రాంతి ఉంది. ఆ రోజుల్లో వాళ్లూ బియ్యప్పిండితో పిఠే అనే పిండివంటలు చేస్తారు. పాటిసాప్టా అని పల్చటి అట్టులో కొబ్బరీ బెల్లమూ పెట్టి చుట్టేది చాలా బాగుంటుంది. చలికాలంలో దొరికే నొలెన్ గుడ్, అంటే ఈత కల్లు తీసే చెట్టు నీరాతో చేసే బెల్లం, ఉంటే తెచ్చుకోమనండి. ఒక చిన్న స్టవ్, ఒక పెనం వాళ్లకి కేటాయించండి. అతిథుల్లా కూర్చోబెట్టి "ఇది అరిసె, ఇది సకినం" అని వివరించడం కంటే వాళ్ల వంట వాళ్లు చేస్తుంటే మీ అమ్మగారే వెళ్లి పాకం ఎలా చూస్తారని అడుగుతారు. పక్క ఫ్లాట్ వాళ్లనీ పనికే పిలవండి. పూజ ఏదైనా ఉంటే అందరూ రాకముందే మీ ఇంట్లో దీపం పెట్టేసుకోండి, దాని ముందు ఎవరు నిలబడాలి, ఎవరు నిలబడకూడదన్న ఇబ్బంది రాదు. వాళ్లు ఖాళీ చేతులతో రావడం ఇష్టపడకపోతే ఒక ఫ్లాస్కు ఇరానీ చాయ్ తెమ్మనండి. ఆ రోజు దానికున్నంత గిరాకీ దేనికీ ఉండదు.

హరిదాసుని పిలవాలని మీకు మనసులో ఉంటే తప్పు లేదు, ధనుర్మాసం ఆయన నెలే. కానీ ప్యాకేజీలో భాగంగా గుడిసె పక్కన నిలబెట్టడానికి కాదు. పొద్దున్నే వచ్చి చిడతలు వాయిస్తూ కీర్తన పాడతారు, పిల్లలు ఒక్కొక్కరే దోసిట్లో బియ్యం తెచ్చి ఆయన నెత్తి మీది అక్షయపాత్రలో పోస్తారు. వాళ్లకి అందడానికి ఆయన మోకాలు వంచి కూర్చుంటారు. ఆ పాత్ర తీసి పిల్లాడి నెత్తిన పెట్టి ఫొటో తీస్తామని ఎవరైనా అంటే ఆపండి. బియ్యం, సంభావన, భోజనం మూడూ ఇచ్చి పంపండి. గంగిరెద్దుని మాత్రం వద్దు. లిఫ్టు పక్కన సెల్లార్‌లో, కార్ల మధ్య, స్పీకర్ల చప్పుడులో ఆ జీవానికి ఏం బాగుంటుంది చెప్పండి.

మూడింటికల్లా ఎండ వంగేలోపు డబ్బాలు నింపేయండి. ప్రతి డబ్బాలో అన్నీ సమానంగా, అందులో ఒకటైనా వంకర సకినం ఉండాలి. అది చుట్టింది ఎవరో పేరు చెప్పి మరీ వేయండి. రాత్రి దాకా లాగకండి, ఆదివారం సాయంత్రం అందరికీ మర్నాటి ఆఫీసు గుర్తొస్తుంది.

ఇది బాగా జరిగితే మిగతా పండగలకీ దారి ఇదే. వినాయక చవితికి ముందు ఆదివారం బంకమట్టితో విగ్రహాలు, సద్దుల బతుకమ్మకి తంగేడు, గునుగు పూలు ఏరి పేర్చడం, క్రిస్మస్‌కి కొన్ని వారాల ముందు డ్రైఫ్రూట్స్ తరిగి నానబెట్టే కేక్ మిక్సింగ్. అన్నీ మీ ఇంట్లోనే అక్కర్లేదు, ఒక్కోటి ఒక్కొక్కళ్లకి అప్పగించండి. బతుకమ్మ అత్తయ్యగారి వైపు వాళ్లింట్లోనే బాగుంటుంది.

ఇక ఆ 5 వేల అడ్వాన్స్. ప్లానర్‌కి ఈ వారంలోనే ఫోన్ చేయండి, ఆలస్యమైతే తిరిగిరాదు. డబ్బు వెనక్కి అడిగితే సాగదీస్తాడు కాబట్టి పని మార్చమనండి. పెద్ద పొయ్యిలు రెండు, మూకుళ్లు, రేకులు, నాలుగు జంపఖానాలు, ఎండకి పైన ఒక షామియానా, పెద్దవాళ్లకి పదిహేను కుర్చీలు కావాలని చెప్పండి. అతని దగ్గర ఇవన్నీ ఎలాగూ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కుర్చీ ముందు ఒక బల్ల వేస్తే వాళ్లు కూడా అరిసెలు తట్టొచ్చు, ఆ బల్లలు రెండు అడగడం మర్చిపోకండి. కుర్చీలకి తెల్లగుడ్డలూ రిబ్బన్లూ తొడుగుతానంటాడు, అక్కర్లేదనండి. సాయంత్రానికి వాటి నిండా నూనె చేతులే.